చోళమండలం: కళాకారులు తమ చేతులతో కట్టుకొన్న ప్రదర్శనశాల

చెన్నపట్టణం నుండి మహాబలిపురం పోయే సముద్రతీరపు బాటలో, ఇంజంబాక్కం వద్ద, సముద్రం వైపున చెట్ల గుంపు ఒకటి కనిపిస్తుంది. ఆ చెట్ల నీడలో రాతిశిల్పాలు, లోహశిల్పాలు ఉన్నాయి. వాటి వెనుక ప్రదర్శనశాల, ఇంకా వెనుక ఇండ్లు. అదే చోళమండలం కళాగ్రామం. ప్రభుత్వం కట్టించిన మ్యూజియంలు దేశంలో అనేకం ఉన్నాయి. జమీందారులు, వర్తకులు దానమిచ్చిన భవనాలలో వెలసిన చిత్రశాలలూ ఉన్నాయి. చిత్రకారులు, శిల్పులు తమ చేతిపని అమ్ముకొన్న డబ్బుతో నేల కొని, ఆ నేలమీద ఇల్లు కట్టుకొని, ఇంటిముందే తమ చిత్రాలు చూపించుకొనే గోడను లేపుకొన్న చోటు మాత్రం బహు అరుదు. 1966లో పుట్టిన ఈ గ్రామం అర్ధశతాబ్దం దాటి నిలిచింది. అది ఏ విధంగా నిలిచిందన్న ప్రశ్నకు సమాధానం వెదకాలంటే ఇంకొంచెం వెనుకకు వెళ్ళవలసి ఉంటుంది.

మద్రాసులో చిత్రకళా పాఠశాలను 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు నెలకొల్పాడు. అప్పటి పాలకుల దృష్టిలో అది ప్రధానంగా వృత్తివిద్యకు సంబంధించిన సంస్థ. కుండలు, లోహపు పనులు, చెక్కడపు పనులు, అచ్చుకు పనికివచ్చే రేఖాచిత్రాలు అక్కడ నేర్పేవారు. దానికి 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి అధిపతి అయ్యారు. ఆ పదవిని పొందిన తొలి భారతీయుడు ఆయనే. మెరీనా తీరంలో బండరాయిని కదలిస్తున్న నలుగురు శ్రామికుల శిల్పాన్ని చూడని చెన్నపట్టణ వాసి ఉండడు. 1959లో అక్కడ నిలిచిన ఆ 'శ్రమ విజయం' ఆయన చేతి పనే. ఆయన కాలంలో తమిళ, మలయాళ, కన్నడ ప్రాంతాల యువకులతో పాటు తెలుగు యువకులూ ఆ పాఠశాలలో చేరారు. విజయనగరంలో చిత్రకళా బోధనకు పాదులు వేసిన అంట్యాకుల పైడిరాజు అక్కడ చదివినవారే. లేపాక్షి కుడ్యచిత్రాలను, కొండపల్లి బొమ్మలను, తోలుబొమ్మలను కొత్త కంటితో చూసి తన చిత్రాలలోకి తెచ్చుకొన్న కె. శ్రీనివాసులు కూడ అక్కడి విద్యార్థే.

చదువు బాగానే సాగేది. చదువు అయిన తరువాత ఏమిటన్నదే చిక్కు. పట్టా చేతికి వచ్చిన యువకుడికి నాలుగు దారులుండేవి. ఏదైనా బడిలో డ్రాయింగు మాస్టరుగా చేరడం, చేనేత డిజైన్లు గీసే ఉద్యోగం సంపాదించడం, పత్రికలకో వ్యాపార ప్రకటనలకో బొమ్మలు వేయడం, సినిమా స్టూడియోలలో రంగాలంకరణకు వెళ్ళడం. వీటిలో ఏదీ తక్కువ పని కాదు. 'మాయాబజార్'కు కళాదర్శకులైన గోఖలే, కళాధర్‌ల పనితనాన్ని తెలుగువారు ఈనాటికీ మరచిపోలేదు. అయితే తన కోసం, తన భావన కోసం బొమ్మ వేయాలనుకొన్నవాడికి ఉద్యోగం పోను మిగిలేది రాత్రి వేళ మాత్రమే. చాలామంది కుంచె కొన్నేళ్ళలోనే ఎండిపోయేది.

ఈ సంగతిని అందరికంటె బాగా ఎరిగినవారు కె.సి.ఎస్. పణికర్. 1911లో కోయంబత్తూరులో జన్మించిన ఆయన కుటుంబ భారం వల్ల చదువు మధ్యలో మాని, తంతి శాఖలో కొంతకాలం పనిచేసి, 1936లో గాని చిత్రకళా పాఠశాలలో చేరలేకపోయారు. కళకు, కూటికి మధ్య ఉండే పోరు ఆయనకు పుస్తకాలలో చదివిన విషయం కాదు. 1944లో ఆయన మిత్రులతోను, శిష్యులతోను కలిసి ప్రోగ్రెసివ్ పెయింటర్స్ అసోసియేషన్ అనే సంఘాన్ని స్థాపించారు. 1957లో రాయ్ చౌధురి తరువాత పాఠశాల బాధ్యతను స్వీకరించారు. 1961 నుండి 'ఆర్ట్‌ట్రెండ్స్' అనే చిన్న ఆంగ్ల పత్రికను సంఘం పక్షాన నడిపారు. దక్షిణాదిలో ఆధునిక చిత్రకళను గురించి చర్చించడానికి మరో వేదిక దాదాపు లేని రోజులలో ఆ కొద్ది పుటల పత్రిక చేసిన మేలు అంతా ఇంతా కాదు.

సంఘం ప్రదర్శనలు ఏర్పాటు చేసేది. అయితే ఆ కాలంలో ప్రదర్శన అంటే ఖర్చే. హాలు అద్దెకు తీసుకోవాలి. చిత్రాలకు చట్రాలు కట్టించాలి. ఆహ్వానపత్రికలు అచ్చు వేయించాలి. ప్రారంభం నాడు పెద్దలు వచ్చి, నాలుగు మాటలు మాట్లాడి, తేనీరు త్రాగి వెళ్ళేవారు. వారం తిరిగేసరికి చిత్రాలన్నీ గుడ్డలో చుట్టి మళ్ళీ ఇంటికి మోసుకొని పోవలసిందే. బొంబాయిలో 1952 నాటికి కావస్‌జీ జహంగీర్ దానంతో కళాకారులకు ఒక గ్యాలరీ అమరింది. మద్రాసు చిత్రకారులకు అటువంటి దాత దొరకలేదు. ఒకరకంగా అదే వారికి మేలు చేసిందేమో.

1960ల మొదట్లో పణికర్, ఆయన శిష్యులు ఆలోచించిన ఉపాయం చాలా సాదాసీదాది. చిత్రాలు అమ్ముడుపోకపోతే పోనీ, ప్రజలు కొనే వస్తువులు చేద్దాం, అయితే వాటిని కూడ చిత్రకారుడి చేతితోనే చేద్దాం అనుకొన్నారు. ఈ పనికోసం కళాకారుల హస్తకళల సంఘమొకటి ఏర్పడింది. వారు ముందుగా పట్టుకొన్నది బాటిక్. జావా ద్వీపంలో పేరుకెక్కిన ఈ పద్ధతిలో వేడిచేసిన మైనంతో గుడ్డమీద బొమ్మ గీస్తారు. తరువాత గుడ్డను చల్లని రంగునీటిలో ముంచుతారు. నీరు వేడిగా ఉంటే మైనం కరిగిపోతుంది. మైనం ఉన్నచోట రంగు పట్టదు. లేత రంగుతో మొదలుపెట్టి ముదురు రంగు వరకు, రంగు రంగుకూ మళ్ళీ మైనం పూస్తూ పోవాలి. చివర గుడ్డను మరుగునీటిలో వేస్తే మైనం కరిగి బొమ్మ బయటపడుతుంది. మైనం బీటలు వారిన చోట సన్నని గీతలు గుడ్డమీద నిలిచిపోతాయి. ఆ గీతలు ఏ రెండు గుడ్డలమీదా ఒకేవిధంగా పడవు. మన కలంకారీ పనివారు కూడ పూర్వం నీలిరంగు అద్దే ముందు మైనంతో కాపుదల చేసేవారు కనుక, ఈ విద్య కోస్తా ప్రాంతానికి పూర్తిగా కొత్తదేమీ కాదు. బాటిక్‌తో పాటు రేకుపని, తోలుపని, మట్టిపని కూడ సాగాయి. నగరంలో పెట్టిన హస్తకళల ప్రదర్శనలకు కొనుగోలుదారులు వచ్చారు. కాన్వాసు ముందు నిలబడి తల గోక్కొన్న పెద్దమనిషే బాటిక్ తెర చూసి ముచ్చటపడి జేబులో చెయ్యి పెట్టాడు. అమ్మకంలో కొంత భాగం చేసినవారికి, కొంత ఉమ్మడి నిధికి.

ఆ నిధితోనే ఇంజంబాక్కంలో నేల కొన్నారు. అది పది ఎకరాలకు మించని ఇసుకనేల. అక్కడ మిగిలినదల్లా సముద్రపు గాలి, సరుగుడు చెట్లు. నేడు రెండువైపులా భవనాలతో కిక్కిరిసిన ఆ తీరపు బాటను చూసేవారికి నాటి ఒంటరితనాన్ని ఊహించడం కష్టం. 1966లో గ్రామం ఆరంభమైనప్పుడు అక్కడ విద్యుత్తు గాని, సరియైన రోడ్డు గాని లేవు. పూర్వం చోళులేలిన సీమ కనుక చోళమండలం అని పేరు పెట్టుకొన్నారు. విదేశీ నావికుల నోట కోరమాండల్‌గా మారినదీ ఆ పేరే. ముప్పై నలభైమంది కళాకారులు చేతులు కలిపినా, అందరూ అక్కడే కాపురం పెట్టలేదు. కొందరు స్థిరపడ్డారు, కొందరు వచ్చి పోతూ ఉన్నారు. 1967లో పణికర్ ఉద్యోగ విరమణ చేశాక గ్రామమే ఆయన లోకమయింది.

ఆ రోజులలోనే విమర్శలు వచ్చాయి. బాటిక్ చేసి బ్రతికేవాడు చిత్రకారుడెట్లా అవుతాడని కొందరన్నారు. నగరానికి దూరంగా గిరి గీసుకొని కూర్చుంటే కళ బావిలో కప్ప అవుతుందని ఇంకొందరన్నారు. మొదటి ఆక్షేపణలో పస లేదు. శిల్పికీ కమ్మరికీ, చిత్రకారునికీ అద్దకపు పనివానికీ మధ్య ఇంత పెద్ద గోడ మన దేశంలో ఎన్నడూ లేదు. ఆ గోడ దిగుమతి అయినది. రెండవదానికి మాత్రం గ్రామస్థులు తమ కార్యక్రమాల ద్వారా జవాబు చెప్పవలసి వచ్చింది.

ప్రదర్శనశాల ఆ జవాబులలో మొదటిది. నగరంలో హాలు దొరికే వారం రోజుల కోసం ఎదురుచూడనక్కరలేకుండా, ఏడాది పొడుగునా చిత్రాలు గోడమీదనే ఉండే ఏర్పాటు జరిగింది. చూడవచ్చినవాడికి చిత్రంతో పాటు చిత్రకారుడూ కనిపిస్తాడు. నచ్చినవారు అక్కడికక్కడ మాట్లాడి కొనుక్కోవచ్చు. అర్థం కానివారు అడగవచ్చు. ఇక్కడి పనులు ఒక మూసలో పోసినట్లు ఉండవు. పణికర్ 1963 నుండి వేసిన 'పదాలు, ప్రతీకలు' వరుస చిత్రాలలో అక్షరాలు, అంకెలు, జాతకచక్రాలవంటి గళ్ళు కనిపిస్తాయి. వాటికి మూలం ఒక విద్యార్థి గణితపు నోటుపుస్తకంలో ఆయన కంటపడిన పుట. అంకెలు, అక్షరాలు, రేఖాగణితపు ఆకృతులు కలిసి ఉన్న ఆ పుటను మార్కులు వేయడానికి కాక బొమ్మగా చూసిన కన్ను ఆయనది. ఆయన చిత్రాలలోని అక్షరాలను చదవాలని ప్రయత్నించేవారికి అర్థం దొరకదు. చదవడం మాని చూడడం మొదలుపెట్టినప్పుడే అవి పలుకుతాయి.

తెలుగు ప్రాంతంలో 1932లో జన్మించి మద్రాసు కళోద్యమంలో పేరు తెచ్చుకొన్న ఎం. రెడ్డెప్పనాయుడు కూడ లిపిని, దేవతారూపాలను కలిపి చిత్రాలు వేశారు. చేనేత సేవాకేంద్రంలో ఉద్యోగం చేస్తూనే ఆయన దేవతల వరుస చిత్రాలకు రూపమిచ్చారు. గుడిలో మూలవిరాట్టును చూసిన పామరుని కన్ను, ఆధునిక చిత్రకారుని గీత ఆయనలో విడివిడిగా ఉండవు. మరో కళాకారుడు జె. సుల్తాన్ అలీ (1920–1990) కొంతకాలం మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ పాఠశాలలో చిత్రలేఖనం బోధించారు. గిరిజనుల కళారూపాల నుండి, పురాణ జంతువుల నుండి ఆయన తన బొమ్మలను తీసుకొన్నారు. పి.వి. జానకిరామ్ (1930–1995) రాగిరేకును సుత్తితో కొట్టి, సన్నని తీగను అతికి, ముందువైపు నుండి మాత్రమే చూడదగిన శిల్పాలు చేశారు. దేవాలయంలో మూలమూర్తికి తొడిగే లోహకవచం ఎరిగినవారికి ఆ పద్ధతి ఎక్కడిదో వేరే చెప్పనక్కరలేదు. ఎస్.జి. వాసుదేవ్ చిత్రాలతో పాటు రాగిరేకు పనిలోనూ నేర్పు చూపారు. ఆయన భార్య ఆర్నవాజ్ (1945–1988), శిల్పి అనిలా జేకబ్ వంటి మహిళలు ఆ తొలి తరంలోనే స్థానం సంపాదించుకొన్నారు. ఆడపిల్లకు చిత్రలేఖనం పెండ్లిచూపులలో చెప్పుకొనే అలంకారంగా మాత్రమే చెల్లిన కాలమది.

వీరందరిలో కె. రామానుజం కథ ప్రత్యేకంగా చెప్పవలసినది. మాట సరిగా రాని, మనోవ్యాధితో బాధపడిన ఆ యువకుణ్ణి లోకం పనికిరానివాడనుకొన్నది. పణికర్ అతణ్ణి కళాపాఠశాలలో ప్రోత్సహించి, తరువాత గ్రామంలో చోటు కల్పించారు. నల్ల సిరాతో అతడు వేసిన బొమ్మలలో గోపురాల మీద గోపురాలు, మెలికలు తిరిగిన సర్పాలు, రెక్కల ప్రాణులు, పండుగనాటి ఊరేగింపులు ఉంటాయి. ఆ అద్భుత నగరాల నడుమ తరచుగా టోపీ పెట్టుకొన్న మనిషి ఒకడు కనిపిస్తాడు. అతడు రామానుజమే. బయట దొరకని రాజ్యాన్ని కాగితంమీద కట్టుకొన్నాడు. మద్రాసులోని కన్నెమరా హోటలుకు పెద్ద కుడ్యచిత్రాలు వేసే అవకాశమూ అతనికి దక్కింది. 1973లో, ముప్పై రెండు మూడేండ్ల ప్రాయంలో, అతడు తన ప్రాణం తానే తీసుకొన్నాడు. కళాగ్రామం అతణ్ణి కాపాడలేకపోయింది. కాని అతని చేత బొమ్మ వేయించగలిగింది. తరగతి గదిలో చివరి బల్లమీద మౌనంగా కూర్చునే పిల్లల సంగతి తెలిసిన ఉపాధ్యాయులు ఆ సిరా బొమ్మల ముందు కొంచెంసేపు ఎక్కువగా నిలబడతారు.

గ్రామంలో 'భారతి' అనే ఆరుబయలు రంగస్థలం కూడ వెలసింది. నృత్యం, సంగీతం, నాటకం, కవితా పఠనం అక్కడ జరిగేవి. చిత్రకారులు, కవులు, నాటకకర్తలు ఒకే ఇసుకమీద కూర్చున్నారు. వారి మధ్య ఏర్పడిన చెలిమి ఊరికే పోలేదు. 1970లో వచ్చిన కన్నడ చలనచిత్రం 'సంస్కార'కు వాసుదేవ్ కళాదర్శకత్వం వహించారు. అందులో ప్రధాన పాత్ర ధరించిన గిరీష్ కర్నాడ్ కూడ ఆ కాలంలో మద్రాసులోనే ఉన్నారు. విదేశాల నుండి వచ్చిన శిల్పులు గ్రామంలో పనిచేసి, తాము చెక్కిన రాళ్ళను తోటలోనే వదిలిపోయారు. ఆ శిల్పాల తోట చూడడానికి కళాపరిజ్ఞానం అక్కరలేదు. చిన్నపిల్లలు వాటిని చేతితో తడిమి చూస్తారు. చుట్టూ పరుగెత్తుతారు.

ఇక్కడ బడులవారికి ఒక మాట చెప్పుకోవాలి. విహారయాత్ర అనగానే మొసళ్ళ పార్కు, మహాబలిపురం, మధ్యలో పులిహోర పొట్లాలు, ఇంతే ఏర్పాటు. దారిలో ఉన్న కళాగ్రామం వద్ద బస్సు ఆపినా, పిల్లలను వరుసలో నడిపించి, చిత్రాల క్రింద ఉన్న పేర్లు నోటుపుస్తకంలో ఎక్కించమంటారు. పేరు ఎక్కించిన పిల్లవాడు చిత్రం చూడడు. ఒక్క చిత్రం ముందు పదిమందిని పది నిమిషాలు కూర్చోబెట్టి, అందులో ఏమి కనిపించిందో వారి మాటలలో చెప్పించగలిగితే ఆ ప్రయాణానికి అయిన పెట్రోలు ఖర్చు గిట్టుబాటవుతుంది.

కాలం గ్రామానికి చేసినది అంతా మేలు కాదు. 1960ల చివరనే అక్కిత్తం నారాయణన్, వేలు విశ్వనాథన్ పారిస్ చేరి అక్కడే పేరు తెచ్చుకొన్నారు. 1977లో పణికర్ కన్నుమూశారు. వాసుదేవ్ బెంగుళూరుకు తరలిపోయారు. 1990ల చివర తీరపు బాట పెద్ద రహదారిగా మారింది. ఇసుకనేలకు బంగారం ధర వచ్చింది. ఒకప్పుడు బాటిక్ గుడ్డలు అమ్మి కొన్న నేలను ఈనాడు ఏ యువ చిత్రకారుడూ గుడ్డలు అమ్మి కొనలేడు. తొలి తరంతో పాటు గ్రామమూ వయసు మీరింది. కొత్తవారికి చోటు ఎలా కల్పించాలన్న ప్రశ్న దాని ముందు నిలిచింది.

ఇటువంటి సందిగ్ధం తెలుగువారికి అపరిచితం కాదు. 1925లో 28వ యేట మరణించిన దామెర్ల రామారావు చిత్రాలు రాజమహేంద్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో ఈనాటికీ చూడగలుగుతున్నామంటే, ఆయన పోయిన తరువాత వరదా వెంకటరత్నం వంటి సహచరులు, కుటుంబసభ్యులు పట్టు విడువకపోవడమే కారణం. చిత్రకారుడు పోయిన తరువాత చిత్రాన్ని ఎవరు తుడుస్తారు, చెదపురుగునుండి ఎవరు కాపాడతారు, తలుపు ఎవరు తెరుస్తారు అన్నవి చిన్న ప్రశ్నలుగా కనిపిస్తాయి గాని చిత్రశాలల ఆయుర్దాయం వాటిమీదనే ఆధారపడి ఉంటుంది.

చోళమండలం తన జవాబును 2009లో ఇచ్చింది. ఆ సంవత్సరం అక్కడ సమకాలీన కళాకేంద్రం ప్రారంభమయింది. అందులో ఒక భాగం మద్రాసు కళోద్యమపు మ్యూజియం. దశాబ్దాలుగా సభ్యుల వద్ద, గ్రామం వద్ద ఉన్న చిత్రాలు, శిల్పాలు అక్కడ ఒకే కప్పు క్రిందికి వచ్చాయి. గ్రామంలో కాపురం ఉన్నవారివే కాక, ఆ ఉద్యమానికి చెందిన ఇతరుల పనులూ ఉన్నాయి. మరో భాగంలోని ప్రదర్శనశాలలను బయటి చిత్రకారులు అద్దెకు తీసుకొని తమ పనులు ప్రదర్శించుకోవచ్చు. నగరంలో హాలు దొరకక ఇబ్బందిపడిన నాటి యువకుల గ్రామంలో నేటి యువకులకు గోడ దొరుకుతున్నది. గ్రామంలో ఇల్లు కట్టుకోలేకపోయినా, కొద్ది రోజులు తమ చిత్రాలకు అక్కడ నివాసం కల్పించవచ్చు.

ఈ పనికి ముందుండి శ్రమించినవారిలో పణికర్ కుమారుడు, శిల్పి ఎస్. నందగోపాల్ ఒకరు. రాగిని, ఇత్తడిని అతికి, అక్కడక్కడ ఎనామెల్ రంగులద్ది ఆయన చేసిన శిల్పాలలో గరుత్మంతుడు, వీరులు, పురాణ వృక్షాలు నిలువెత్తున లేస్తాయి. తండ్రి కాలంలో యువకుడిగా ఆ ఇసుకమీద తిరిగిన ఆయన 2017లో మరణించేవరకు గ్రామంలోనే ఉండి పనిచేశారు. కేంద్రంలో ప్రదర్శనలు ఆ తరువాత కూడ ఆగలేదు.